కొండ కనిపించింది

ఫిషింగ్ హార్బర్లో
ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాస్తాను నేను.
పగలు దిమ్మలూ టన్నులూ,
రాత్రి ఫోన్లో పేరాలు.

బోట్ల వాళ్ళ గ్రూపుకి నేనే అడ్మిన్ని.
డీజిలు సబ్సిడీ మీద, వేట నిషేధం మీద,
చిన్నప్పుడు తడిసిన వానొకదాని మీద
ఎంతెంత రాసేవాణ్ణంటే
'ఇంకా చదవండి' అన్న చోట
మూడుసార్లు నొక్కితే గాని అయ్యేది కాదు.
కింద నాలుగు దండాల బొమ్మలు పడేవి.
అవి లెక్కపెట్టుకుని నిద్రపోయేవాణ్ణి.

ఎర్రమ్మకి చదువు రాదు.
తమ్ముడు మసేను వేటకెళ్ళిన పదిహేను రోజులూ
ఫోను కొంగున మూటగట్టి
కరుగుతున్న ఐసుపొట్టు తొక్కుకుంటూ
నా కిటికీ దగ్గరకొచ్చేది.
"సదువు బాబూ."
ఓసారి నా పోస్టే చదివాను, గొంతు సవరించుకుని.
సగంలో చెయ్యెత్తింది.
"బాగానే ఉంది గానీ,
ఇందల మనిషెక్కడున్నాడ్రా?"

మసేను రాసేవి రెండే మాటలు.
నడిసముద్రంలో సిగ్నలుండదు.
తిరిగొచ్చేప్పుడు, ఒడ్డింకా అందనంత దూరంలో,
డాల్ఫిన్ నోస్ నీళ్ళ మీద నల్లటి గీతలా లేస్తుంది.
రాత్రయితే దాని నెత్తిన లైట్‌హౌస్ దీపం.
అప్పుడే ఫోన్లోనూ ఒక గీత లేస్తుంది.
ఆ ఒక్క గీత మీద
ఎంత బరువు మోపగలడు మనిషి?
"కొండ కనిపించింది."
గ్రూపులోనే పెట్టేవాడు,
బోటులో ఉన్న ఏడుగురి ఇళ్ళకీ ఒకేసారి చేరాలని.
వల చిరిగిందో, ట్యూనా పడిందో,
ఎవరికి జ్వరం తగిలిందో, ఏదీ ఉండదు.
విని ఎర్రమ్మ పొయ్యి రాజెయ్యడానికి పోయేది.
ఇంత పొదుపేంటి మీ తమ్ముడికి అన్నాను.
"మిగతాది ఇంటికొచ్చి సెప్తాడు గదా!"

అక్టోబరులో వాయుగుండం పట్టిన రాత్రి
గ్రూపు పోటెత్తింది.
ఏ దేశానిదో తెలియని అలల వీడియో.
పదిమందికి పంపకపోతే అరిష్టమన్న అమ్మవారి బొమ్మ.
నిజమేనా? నిజమే. ఎవరు చెప్పారు?
నేనూ రాశాను. పదకొండు పేరాలు.
ఈ తీరాన్ని తాకిన తుఫాన్లన్నీ, సంవత్సరాలతో సహా.

ఎర్రమ్మ తెల్లవార్లూ జెట్టీ మీద
తడిసిన గోనెపట్టా కప్పుకుని కూర్చుంది.
టీ పట్టుకెళ్ళాను. ముట్టలేదు.
ఆరున్నరకి ఫోను నా చేతిలో పెట్టింది.
పైకి తోశాను, కిందకి తోశాను.
రెండువందల పద్నాలుగు మెసేజీలు.
నా పదకొండో పేరాకి సరిగ్గా కింద,
మూడూ నలభైకి వచ్చి, పడి ఉంది
కొండ కనిపించింది.

చదివాను. నా గొంతు నాకే వినపడలేదు.
తిట్టలేదామె.
లేచి, కొంగు పిండుకుని,
పొయ్యి రాజెయ్యడానికి పోయింది.
టీ గ్లాసు అక్కడే ఉంది,
వాననీళ్ళతో నిండుతూ.

ఆ తర్వాత నాకు రెండో పిచ్చి పట్టింది.
అన్నింటికీ బొటనవేలి బొమ్మే.
తండ్రి పోయాడని రాసిన పోలారావుకి
"ఓకే" అని కొట్టి పంపాను.
ఎర్రమ్మ కత్తిపీట ముందు కూర్చుని
వంజరం కోస్తూ విన్నదా సంగతి.
పొలుసు గీకింది, పొట్ట తీసింది,
తలకాయ మాత్రం పక్కన జాగ్రత్తగా పెట్టింది.
"పనికిరాంది తీసీమన్నాను గానీ
తలకాయ కూడా పారేత్తే పులుసెలాగరా?"
ఆ సాయంత్రం పోలారావింటికి నడిచి వెళ్ళాను.
అక్కడా పెద్దగా ఏమీ మాట్లాడలేదు. కూర్చున్నాను.

ఇందులోనూ కొయ్యాల్సింది చాలా ఉంది.
ఎర్రమ్మకి ఇంకా చదివి వినిపించలేదు,
ఎక్కడ చెయ్యెత్తుతుందో నాకు తెలుసు.

బయట క్రషర్లో దిమ్మలు పడుతున్నాయి.
పొద్దున్న గ్రూపులో నేను పెట్టింది ఇదీ:
"ఐసు ఉంది. రండి."
దండాలేవీ పడలేదు.
తొమ్మిది బోట్లు వచ్చాయి.